దణ్ణం పెట్టి గది ఖాళీ చేయమన్నారు

అన్నాను. ‘సిగ్గు లేదా’ అన్నాను. అనలేదని నేనెవరితోనూ చెప్పలేదు. స్క్రీన్‌షాట్ తీసి దాచుకున్నవాళ్ళు హాయిగా దాచుకోండి, కావాలంటే నేనే పంపిస్తాను. కానీ నా మాటకి ముందు ఏం వచ్చిందో ఒక్కరూ చెప్పరు. అక్కడికి రాగానే కత్తిరించేస్తారు. నేనేదో ఉట్టి పుణ్యానికి, పొద్దుపోక, నేవన్ అనే ఊళ్ళో ఉండే ఒక పెద్దావిడని తిట్టినట్టు ఊరంతా చెప్పుకుంటారు. ఇన్నాళ్ళూ విన్నాను. ఇక నావల్ల కాదు.

అది ఫోన్లో మెసేజ్‌లు పెట్టుకునే మా తెలుగువాళ్ళ గ్రూపు. డబ్లిన్‌లోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఉండేవాళ్ళందరూ అందులోనే ఉండేవారు. మునక్కాయలు ఏ కొట్లో దొరుకుతాయి, ఏ ఏరియాలో రెంట్ ఎలా ఉంది, లీజు మీద సంతకం పెట్టేముందు ఏం చూసుకోవాలి, ఇవే మాటలు. లాక్‌డౌన్ వచ్చి అందరూ ఇళ్ళలో కూర్చున్నాక కొట్టుకోవడం మొదలైంది. ఒక హీరో అభిమానులు ఇంకో హీరో అభిమానుల మీద, ఒక జిల్లావాళ్ళు ఇంకో జిల్లావాళ్ళ మీద. పెరుగన్నంలో దానిమ్మ గింజలు వేయొచ్చా కూడదా అన్నదాని దగ్గర ఇద్దరు పెద్దమనుషులు ఒకరి వంశాన్ని ఒకరు తవ్వుకున్నారు.

దాంతో గ్రూపు పెట్టిన అంకుల్ రంగంలోకి దిగాడు. ఆయన ఉండేది డబ్లిన్ అంచున క్లోనీలో. డబ్లిన్‌లోనే టాలట్ పేటలో మేం అద్దెకున్న ఇల్లు కూడా ఆయనదే. ఇకమీదట అందరూ అందరినీ ‘గారు’ అనాలి, ఒక్క పరుష పదం ఉండకూడదు, ఎవరితోనైనా విభేదిస్తే చివర్న దణ్ణం బొమ్మ పెట్టాలి అని రూల్స్ రాశాడు. రూల్ దాటిన మెసేజ్‌ని తీసేసే పని నాకు అప్పగించాడు. “నీ చేతిలో ఫోను ఎలాగూ ఇరవైనాలుగ్గంటలూ ఉంటుంది కదమ్మా” అన్నాడు. ఉంటుంది, ఏం? హైదరాబాద్ నుంచి ఇంత దూరం మాస్టర్స్ చదవడానికి వస్తే క్లాసులన్నీ బెడ్‌రూమ్‌లో ల్యాప్‌టాప్ మీదే జరుగుతున్నాయి. ఫోను కాక ఇంకేం పట్టుకోవాలి? చిన్నప్పటి స్నేహితులిద్దరు ‘ఏరా’ అనుకుంటే అది కూడా తీసేయించాడు ఆ మహానుభావుడు.

మా ఇంట్లో ఆ రోజుల్లో ఇద్దరమే మిగిలాం. మిగతా గదులవాళ్ళు విమానాలు ఆగకముందే ఇండియా వెళ్ళిపోయారు. నేనూ, గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక డాక్టరక్కా. అక్కకి కోవిడ్ వార్డులో డ్యూటీ. ఇంటికొస్తే వెనక షెడ్డులో బట్టలు మార్చుకున్నాకే లోపలికి వచ్చేది. వంటింట్లో తన కంచం, గ్లాసు పెట్టుకోవడానికి విడిగా ఒక అలమర పెట్టుకుంది. పైఅంతస్తు మొత్తం తనది, కింద నాది. నేను కూర వండి మెట్ల మీద పెట్టి అరిచేదాన్ని, తను పైనుంచి ఉప్పు ఎక్కువైందని అరిచేది. మా బతుకు మేం బాగానే బతుకుతున్నాం. భయం నాకు లేదా అంటే ఉంది. కానీ అది మా ఇద్దరి మధ్యా ఉన్న విషయం, మేం మాట్లాడుకుని సర్దుకున్న విషయం.

అక్క కూడా ఆ గ్రూపులో ఉండేది. ఎవరికి గొంతు నొప్పి వచ్చినా, ఏరియా డాక్టరు, అంటే జీపీ, ఫోన్ ఎత్తకపోయినా, అక్కడ అడిగేవారు. డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, అన్నం తినకుండా ఒక్కొక్కరికీ జవాబు రాసేది. నేవన్ ఆంటీ వాళ్ళాయనకి దగ్గు వస్తే ఫోన్ చేసి అరగంట మాట్లాడింది. ఆ తర్వాతి వారమే ఆంటీ ఈ మెసేజ్ పెట్టింది.

‘అందరికీ నమస్కారం. మన డాక్టర్ గారంటే నాకెంతో గౌరవం. వారి సేవలు వెలకట్టలేనివి. అయితే వారున్న ఇంట్లో చదువుకునే అమ్మాయి కూడా ఉంది. రేపు ఆ పిల్లకి ఏమైనా అయితే వాళ్ళ అమ్మానాన్నలకి మనం ఏం సమాధానం చెప్పగలం? డాక్టర్ గారు పెద్ద మనసుతో ఆలోచించి, తమంతట తాముగా వేరే చోటు చూసుకుంటే బాగుంటుందని నా చిన్న సూచన. తప్పుగా మాట్లాడి ఉంటే క్షమించాలి.’

కింద దణ్ణం బొమ్మలు, ఒకటి కాదు, ఒక వరస.

ఆ చదువుకునే అమ్మాయిని నేను. నన్ను అడ్డం పెట్టుకుని అక్కని వెళ్ళగొడుతున్నారు, నన్ను ఒక్క ముక్క అడక్కుండా. వెంటనే మిగతావాళ్ళు మొదలుపెట్టారు. ‘ఎంత సున్నితంగా చెప్పారండీ.’ ‘చాలా సంస్కారంగా ఉంది మేడమ్ గారూ.’ ఒకాయన మా వీధి పేరు, ఇంటి నంబరు రాసి, ‘ఆ వీధిలో మావాళ్ళు పిల్లలతో ఉన్నారు, దయచేసి జాగ్రత్తగా ఉండమని చెప్పగలరు’ అన్నాడు. చివరికి మా అంకుల్ వచ్చి, ‘అందరి అభిప్రాయాన్నీ గౌరవిస్తాను. ఇంటి యజమానిగా తగిన నిర్ణయం తీసుకుంటాను’ అని ముగించాడు. అందరూ ఆయనకి కూడా దణ్ణం పెట్టారు.

ఆయనకి ఫోన్ చేశాను.

“ఏంది అంకుల్ ఇది? అక్కను ఇంట్లకెల్లి పొమ్మంటున్నరు అందరు.”

“ఎవరు పొమ్మన్నారమ్మా? సూచన చేశారు.”

“ఇంటి నంబర్ గూడ పెట్టిండ్రు!”

“నంబరు బూతు కాదు కదమ్మా. అందులో ఒక్క మాట తేడాగా ఉందేమో చూపించు, నేనే తీసేస్తాను.”

“ఇంట్ల ఉండేది నేను. నాకు లేని భయం నేవన్‌ల ఉన్న ఆంటీకెందుకు? లాక్‌డౌన్ రూలు ఐదు కిలోమీటర్లు దాటి మా దిక్కు వస్తే పోలీసు గార్డ్స్ ఆపి ఎనకకు పంపుతరు ఆమెను!”

“చూశావా, గొంతు ఎవరు పెంచుతున్నారో? ఆవిడ పెంచలేదు.”

నిజమే, ఆవిడ పెంచలేదు. మెత్తగా కోసింది. ఫోన్ పెట్టేసి ఆ మెసేజ్‌లన్నీ తీసేశాను. మర్యాద కాపాడమనే కదా నాకు ఆ పని ఇచ్చింది, కాపాడాను. వెంటనే గోల. పద్ధతిగా రాసినవి ఎందుకు తీసేశారండీ, ఇదెక్కడి న్యాయమండీ. ఆంటీ మళ్ళీ వచ్చింది. ‘నేనేమైనా తప్పు మాట్లాడానా అండీ? ఆ అమ్మాయి మేలు కోరే కదా.’ అప్పుడు రాశాను. ‘నా మేలు నిన్నెవరు కోరమన్నరు? మీ ఆయనకు దగ్గొస్తే ఈ అక్కనే పిలుచుకున్నవ్ కదా? సిగ్గు లేదా?’

నిమిషంలో నన్ను గ్రూపులోంచి తీసేశారు.

అంకుల్ నాకు ఫోన్ చేయలేదు. అక్కకి చేశాడు. అక్క మెట్ల పైన కూర్చుని స్పీకర్ పెట్టింది, నేను కింద మెట్టు మీద కూర్చుని విన్నాను.

“మీ విషయం పెద్దది కాదండీ డాక్టర్ గారూ, సర్దుకోవచ్చు. కానీ ఆ అమ్మాయి అంతమందిలో ఒక పెద్దావిడని అంతమాట అంది. అందరి ముందూ క్షమాపణ చెప్పమనండి. మీ గది సంగతి నేను మళ్ళీ ఎత్తను. చెప్పకపోతే మాత్రం, నా మీద కూడా ఒత్తిడి ఉంది మరి. మీరు అర్థం చేసుకోగలరు.”

అక్క “సరేనండీ” అని పెట్టేసింది. ఆ గొంతు అంత చిన్నగా ఎప్పుడూ వినలేదు నేను.

“చెప్పేయవే,” అంది.

“నేనెందుకు చెప్త? వాళ్ళు చెప్పాలె నీకు. నీకు కోపం రాదా అక్కా?”

“వస్తదే. వచ్చి ఏం జేయను? ఏ వార్డులో చేస్తానో చెప్తే ఈ టైములో నాకు గదెవడిస్తాడు? నీ పౌరుషం కోసం నన్ను రోడ్డు మీద పడెయ్యమాక.”

ఫోన్ తీసి రాయడం మొదలుపెట్టాను. రాస్తున్నాను, చెరుపుతున్నాను. పైనుంచి అక్క చెప్పడం మొదలుపెట్టింది.

“‘ఆవేశంలో’ అని రాయి. ఆవేశమంటే వాళ్ళకి బాగా నచ్చుద్ది.”

“రాసిన.”

“‘చిన్నదాన్ని’ అని కూడా పెట్టు.”

“ఇరవైనాలుగేండ్లు అక్కా నాకు.”

“ఇవాళ్టికి పన్నెండేళ్ళే అనుకో. దణ్ణాలు పెట్టావా?”

“పెట్టిన.”

“ఇంకో రెండు పెట్టు, చచ్చిపోతారు సంతోషంతో.”

ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే నాకు ఏడుపొచ్చింది, కోపంతో వచ్చే ఏడుపు.

అంకుల్ నన్ను మళ్ళీ గ్రూపులోకి చేర్చాడు. క్షమాపణ పెట్టాను. చప్పట్ల వాన కురిసింది. ‘మంచి పెంపకం.’ ‘తప్పు తెలుసుకోవడమే గొప్పతనం.’ ఆంటీ, ‘చిన్నపిల్ల, నేనేం మనసులో పెట్టుకోలేదు’ అంది. అంకుల్, ‘ఇదీ మన సంస్కారం, గ్రూపు మళ్ళీ ప్రశాంతంగా ఉన్నందుకు ధన్యవాదాలు’ అన్నాడు. అంతమందిలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, అక్కకి ‘పొరపాటైంది’ అనలేదు. ఇంటి నంబరు పెట్టినాయన కూడా నాకు చప్పట్లు కొట్టాడు.

గది నిలబడింది. అందుకు సంతోషమే. కానీ ఆ మర్నాటి నుంచి నేను చూసిందేమిటంటే, అక్క గ్రూపులో ఇదివరకటి కంటే త్వరగా జవాబులిస్తోంది. డ్యూటీలో టీ బ్రేక్‌లో కూడా. ఇదివరకు ఇష్టంగా చేసేది, ఇప్పుడు ఫోన్ మోగితే ఉలిక్కిపడి చేస్తోంది.

“ఇగ ఆపెయ్ అక్కా. ఏం రాయకు వాళ్ళకు,” అన్నాను.

“నోరు మూసుకుని కూర్చుంటే నా గది మళ్ళీ గుర్తొస్తది వాళ్ళకి. ఊరుకోవే,” అంది.

ఆ రోజే ఆ గ్రూపులోంచి బయటికొచ్చేశాను. కాసేపటికి అంకుల్ మెసేజ్ పెట్టాడు. ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్ళిపోవడం మర్యాద కాదమ్మా, అని. ఇప్పటికీ టాలట్‌లోనో, లువాస్ ట్రామ్‌లోనో తెలుగువాళ్ళెవరైనా కలిస్తే ‘నువ్వే కదూ ఆవిడని అంత మాటన్నది’ అంటారు. ఆవిడ ఏమందో అడగరు, ఎందుకంటే ఆవిడ తిట్టలేదు. ఆ గ్రూపులో ఇప్పటికీ ఎవరూ ఎవరినీ తిట్టుకోరట, చెప్పుకుని మురిసిపోతారు.

రోగుల్ని చూసి అలిసి వచ్చిన మనిషిని పడుకునే గది ఖాళీ చేయమని చేతులు జోడించి అడిగినవాళ్ళు మర్యాదస్తులు, సిగ్గు లేదా అన్న నేను నోటి దురుసుదాన్ని. వాళ్ళదే సభ్యత అని మీకింకా అనిపిస్తోందా? అయితే ఆ మెసేజే రేపు మీ అక్క పేరు పెట్టి, మీ ఇంటి నంబరు పెట్టి, కింద అన్ని దణ్ణాలతో వస్తే, మీరూ ఎదురు దణ్ణం పెట్టి ఊరుకుంటారా?