యాదికి లేదన్నాను

తొమ్మిదేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. గుర్తు లేదని చెప్పిన మూడే ముక్కల మాట. "యాదికి లేదు పటేలా." మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెబుదామని ఎన్నిసార్లు కూర్చున్నానో లెక్కలేదు. నోరు తెరిచి, వానల గురించీ కూరగాయల ధరల గురించీ మాట్లాడి లేచొచ్చాను.

కోరుట్లలో ఒక చిన్న కంపెనీలో పనిచేసేదాన్ని. కంపెనీ అంటే ఏముంది, నాలుగు బండ్లు, ఆఫీసుగా వాడే ఒక మడిగె, రెండు ఫోన్లు. కోరుట్ల, దాని పక్కనే ఉన్న ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఊళ్ల నుంచి దుబాయికీ మస్కట్‌కూ పోయే మగవాళ్లను హైదరాబాద్ విమానాశ్రయంలో దింపడం, సెలవు మీద వచ్చేవాళ్లను ఇంటికి చేర్చడం మా వ్యాపారం. ఫోన్లు ఎత్తడం, బండ్లు పురమాయించడం, బిల్లులు దాచడం నా పని. యజమానిని అందరం పటేలా అని పిలిచేవాళ్లం. ఒకప్పుడు ఊళ్లో పెత్తనం చేసిన కుటుంబం. భూములు చాలావరకు పోయాయి, గొంతు మాత్రం పోలేదు. అయినా మనిషి చెడ్డవాడు కాదు. ఇందులో చెడ్డమనిషి కోసం వెతక్కండి, దొరికేది నేనే.

డ్రైవర్ల చేతికి డీజిల్ డబ్బు ఇవ్వడం పటేలకు ఇష్టం ఉండేది కాదు. బ్యాంకువాళ్లతో మాట్లాడి కంపెనీ పేరు మీద క్రెడిట్ కార్డులు తీసుకున్నాడు. బండికొకటి, ఆఫీసుకొకటి. "చేతుల పైసలుంటే చెయ్యి దురద పెడ్తది" అనేవాడు. అన్ని కార్డులకూ ఒకటే రహస్య నంబరు. పేరుకే రహస్యం. అది వాళ్ల నాన్న పాత జీపు నంబరని ఆఫీసులో అందరికీ తెలుసు. కార్డులన్నీ నా డ్రాయరులో, బిస్కెట్ డబ్బాలో ఉండేవి. పొద్దున ఎవరి బండి కార్డు వాళ్లు తీసుకునేవాళ్లు, తిరిగొచ్చాక డబ్బాలో పడేసేవాళ్లు. రాసుకోవడం లేదు, సంతకం లేదు.

ఇంకో అలవాటు కూడా ఉండేది. గల్ఫ్ పోయేవాణ్ణి దింపడానికి పోతే డీజిల్ మాది. వచ్చేవాణ్ణి తీసుకురావడానికి పోతే మాత్రం ఇంటివాళ్లే పోయించేవాళ్లు. వచ్చేవాడి జేబు నిండుగా ఉంటుందని లోకం నమ్మకం కదా. అలాంటి రోజు డ్రైవర్లు కార్డును డబ్బాలోనే వదిలిపోయేవాళ్లు. అందరూ కాదు. ఒకరిద్దరు మర్చిపోయి జేబులోనే పెట్టుకుపోయేవాళ్లు.

మల్లేశన్న తెల్లబండి డ్రైవరు. వాళ్ల నాన్న కల్లు కోసం తాళ్లు గీసేవాడు, ఈయన స్టీరింగు పట్టాడు. మా ఆఫీసులో గల్ఫ్ మొహం చూడని మగవాడు ఆయనొక్కడే. ఎవరైనా వీసా ఉందని ఆశపెడితే నవ్వేసేవాడు. గేటు దగ్గర వెనక్కి తిరిగి చూసే మొహాలు వారానికి నాలుగు చూస్తున్నాను, ఐదోది నాది కాకూడదు అనేవాడు. వేములవాడ మీదుగా పోయినప్పుడల్లా ఒక ప్రసాదం లడ్డూ తెచ్చి నా బల్ల మీద పెట్టేవాడు. నన్ను చెల్లె అని పిలిచేవాడు.

ఆ ఏడు నా భర్త దుబాయిలో ఇరుక్కున్నాడు. పనిచేసే కంపెనీ మూతపడింది. ఏడు నెలలు జీతం లేదు. చివరికి పాస్‌పోర్టు చేతికిచ్చారు గానీ టికెట్టు సొంతంగా కొనుక్కోవాలి, ఆలస్యమైన ప్రతి రోజుకూ జరిమానా పెరుగుతుంది. ఫోనులో ఆయన ఏడవలేదు. పార్కులో పడుకుంటున్నానని, ఇవాళ ఎండ ఎక్కువగా ఉందన్నంత మామూలుగా చెప్పాడు. నా బంగారం అంతకుముందే ఆయన వీసాకు పోయింది. అడగదగ్గ వాళ్లందరినీ అడిగాను. మరి పటేలను? అడగలేదు. అడిగితే ఇచ్చేవాడేమో. ఆ ఆలోచన ఇప్పటికీ నన్ను కొరుకుతుంది. ఆయన ముందు చెయ్యి చాపడం కన్నా ఆయన కార్డుల డబ్బాలో చెయ్యి పెట్టడం నాకు తేలికనిపించింది. దానికి అభిమానం అని పేరు పెట్టుకున్నాను.

ఒకరోజు మల్లేశన్న జగిత్యాలలో ఒక కుటుంబాన్ని ఎక్కించుకుని, వాళ్ల మనిషిని తీసుకురావడానికి హైదరాబాద్ పోయాడు. కార్డు డబ్బాలోనే ఉంది. మధ్యాహ్నం తలనొప్పిగా ఉందని చెప్పి నేను జగిత్యాల బస్సెక్కాను. అక్కడ ఒక సెల్‌ఫోన్ల దుకాణంలో కార్డు గీకితే, నూటికి రెండు రూపాయలు పట్టుకుని మిగతాది నగదుగా ఇస్తారని డ్రైవర్లు అనుకుంటుంటే విన్నాను. డబ్బా తెరిచి, చేతికి ఏ కార్డు అందితే అది తీశాను.

కాదు. ఇప్పుడే మీకు ఒక అబద్ధం రాశాను. డబ్బాలో ఆ రోజు రెండు కార్డులున్నాయి. ఒకటి ఆఫీసుది, ఒకటి తెల్లబండిది. ఆఫీసు కార్డు గీకితే అడిగేది నన్నే. నా వేళ్లు ఆఫీసు కార్డు మీద ఆగి, దాన్ని పక్కకు జరిపి, కిందున్నదాన్ని తీశాయి. ఏరుకున్నాను. బ్యాంకు బిల్లు వచ్చేలోపు డబ్బు సర్దేద్దాం అనుకున్నాను, అది నిజం. సర్దలేకపోతే ఎవరి మీద పడుతుందో కూడా అప్పుడే తెలుసు, అదీ నిజం. ఆ రెండూ ఒకే బుర్రలో ఎలా పట్టాయి? బస్సులో కూర్చున్న ఆ గంటసేపూ నాకు దేవుడు గుర్తుకొచ్చాడు, పిల్లలు గుర్తుకొచ్చారు, మల్లేశన్న గుర్తుకు రాలేదు.

డబ్బు సర్దలేకపోయాను. నెల తిరిగాక బిల్లు వచ్చింది. పటేల మల్లేశన్నను పిలిచాడు. నేను పక్క బల్ల దగ్గరే ఉన్నాను.

"జగిత్యాల సెల్లు దుకాన్ల కార్డు గీకినవా మల్లేశం?"

"లేదు పటేలా. గా రోజు నేను మనిషిని తీస్కరావడానికి పోయిన. కార్డు ఈడనే డబ్బల పెట్టి పోయిన. చెల్లెను అడుగుండ్రి."

పటేల నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు బిడ్డ. గా రోజు కార్డు ఈడ ఉండెనా, ఈయన దగ్గర ఉండెనా?"

మల్లేశన్న నన్ను చూశాడు. భయంగా చూసి ఉంటే బాగుండేది. నిశ్చింతగా చూశాడు, చెల్లె చెబుతుంది కదా అన్నట్టు.

"యాదికి లేదు పటేలా" అన్నాను. వెంటనే, "గని మల్లేశన్న అసొంటోడు కాదు" అని కూడా అన్నాను.

మొదటి మాట ఆయన్ని ముంచింది. రెండో మాట నన్ను ఒడ్డున పడేసింది. దొంగతనం చేసింది చేతులే గానీ, ఆ రెండో మాట అన్న నోటిని నేను ఎక్కువ అసహ్యించుకుంటాను. పటేల ఆ దుకాణానికి మనిషిని పంపి అడిగించాడు. రోజుకు ఎంతమందో వస్తారు, ఎవరని చెప్పాలి అన్నారట. ఆ రోజు తెల్లబండి జగిత్యాలకు పోయిన మాట నిజమే కదా. అది సరిపోయింది.

పోలీసుల దాకా ఎందుకని పటేల పెద్దమనసు చేసుకున్నాడు. డబ్బు కట్టి పని మానేస్తే చాలన్నాడు. మల్లేశన్న రెండూ చేశాడు. డ్రైవరుకు ఉండే ఆస్తి పేరొక్కటే. కార్డు గీకిన మల్లేశం అనే పేరు ఆయనకంటే ముందే అన్ని ఆఫీసులకూ చేరింది. జగిత్యాలలో కూడా ఎవరూ బండి ఇవ్వలేదు. ఐదు నెలలు చూసి, నలభై మూడేళ్ల వయసులో సౌదీ వీసా తీసుకున్నాడు. బండి కోసం వాళ్ల కూతురు మా ఆఫీసుకే ఫోన్ చేసింది. పురమాయించింది నేనే. ఆ రోజు తెల్లబండే ఖాళీగా ఉంది. ఇంకొకరు నడిపారు, ఆయన వెనక సీట్లో కూర్చుని పోయాడు.

అప్పటికే నా భర్త ఇంటికి చేరాడు. డబ్బు మా మేనమామ సర్దాడని చెప్పాను. తర్వాత ఆయనకు సిరిసిల్లలో మరమగ్గాల మీద పని దొరికితే అక్కడికి మారాం. నేను బీడీలు చుట్టి, జాకెట్లు కుట్టి, రెండేళ్లకు ఆ మొత్తం కూడబెట్టాను. తీరా కూడబెట్టాక ఎవరికివ్వాలో తెలియలేదు. పటేలకు ఇవ్వాలంటే సంగతి చెప్పాలి. మల్లేశన్న ఇంట్లో ఇవ్వాలన్నా చెప్పాలి. ఎందుకని అడగకుండా తీసుకునేది దేవుడొక్కడే. వేములవాడ పోయి, గుడి చుట్టూ కోడెను తిప్పే మొక్కు చెల్లించి, మిగతాది రాజన్న స్వామి హుండీలో వేశాను. తిరిగొస్తుంటే నా మీద నాకే నవ్వొచ్చింది. రాజన్నకు నేనెప్పుడు బాకీ పడ్డాను?

మూడో ఏడు మల్లేశన్న సెలవు మీద వచ్చాడు. అడ్రసు కనుక్కుని సిరిసిల్లకు మా ఇంటికే వచ్చాడు. మనిషి సగమయ్యాడు. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు తమవాళ్లకు పంచే సామానే తెచ్చాడు, రెండు సబ్బులు, ఒక తలనొప్పి మందు డబ్బా. నా భర్త ముందు కూర్చుని అన్నాడు: "గా రోజు అందరు నన్ను దొంగను జేసిండ్రు. అసొంటోడు కాదని నువ్వొక్కదానివే అన్నవు చెల్లె. సచ్చేదాక మర్వ."

దొంగకు తేలు కుట్టినట్టయింది నాకు. చాయ్ పెడతానని లోపలికి పోయాను. చక్కెర వేయడం మర్చిపోయి అలాగే ఇచ్చాను. మంచిగుంది అని తాగాడు. ఆయన పోయాక నా భర్త, నువ్వు చాలా మంచిదానివి అన్నాడు. ఆ మందు డబ్బా మూత నేను ఈరోజు వరకు తీయలేదు. తలనొప్పి వచ్చిన రోజున కూడా.

ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు. రెండేళ్లకోసారి వస్తాడు, వచ్చిన ప్రతిసారీ రెండు సబ్బులు తెస్తాడు. ఈసారి వచ్చినప్పుడు చెప్పేస్తానని మీకు మాటివ్వను. నా మాట ఎంత విలువైనదో చూశారుగా. క్షమించమని కూడా అడగడం లేదు, అడగాల్సింది మిమ్మల్ని కాదు. పటేల ఆ రోజు అడిగిన ప్రశ్నకు నా అసలు జవాబు ఇంకా చెప్పకుండానే ఉండిపోయింది. అదొక్కటి ఇక్కడ చెప్పి లేస్తాను.

కార్డు ఈడనే ఉండె పటేలా. నా డ్రాయర్ల, బిస్కెట్ డబ్బల. నాకు మంచిగ యాదికున్నది.