సినిమాకు ముందు రైల్లో చదివిన హత్య

మా అత్తయ్యకు చదువు రాదు గాని కథలంటే ప్రాణం. నర్సరావుపేటలో ఒక డిటెక్టివ్ నవల సినిమాగా ఆడుతోందని విన్నప్పటినుంచి నా వెంట పడింది. "ముందు పుస్తకం చదివి వినిపించవే శాంతమ్మా. తెర మీద బొమ్మలు గబగబా పోతయ్యి, కథ తెలిస్తేనే గదా నాకు అర్థమయ్యేది" అని. నేను రెంటచింతల బడిలో పంతులమ్మను. తోటి పంతులమ్మ దగ్గర ఆ నవల అడిగి తెచ్చి సగం ఇంట్లోనే చదివి వినిపించాను. మిగతా సగం రైల్లో చదువుదామని వేసవి సెలవుల్లో ఒక పొద్దున ఇద్దరమూ బయలుదేరాం.

మాచర్ల నుంచి వచ్చే బండి ఏడు గంటలకు మా స్టేషనులో ఆగుతుంది. సత్తెనపల్లికి పన్నెండణాలు. ఈ రైలు నర్సరావుపేట పోదు కనుక సత్తెనపల్లిలో దిగి బస్సు పట్టుకోవాలి. ఆడవాళ్ల పెట్టెలో కూర్చుని నేను పైకి చదువుతున్నాను. గురజాలలో ఒక నడివయసు మనిషి ఒక పడుచు పిల్లను తెచ్చి మా ఎదుట కూర్చోబెట్టి, తాను పక్క పెట్టెలోకి వెళ్లాడు. ఆ పిల్ల ముఖాన బొట్టు లేదు. పేరు రత్తమ్మ అని చెప్పి, కథ వింటూ కూర్చుంది.

నవలలో భర్త పోయిన ఒక అమ్మాయి చేత కాగితాల మీద సంతకం చేయిస్తారు. మర్నాడు ఆమె శవమై కనబడుతుంది. మజ్జిగలో విషం కలిపారని డిటెక్టివ్ కనిపెడతాడు. అక్కడికి వచ్చేసరికి రత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, చంపిందెవరు?"

పుస్తకం నేను ముందే చివరిదాకా చదివేశాను. "వాళ్ల బావ, మొగుడికి అన్న" అన్నాను. ఆమె ముఖం తెల్లబోయింది.

"మా ఆయన పోయి మూణ్ణెల్లు. ఇప్పుడు వచ్చినాయన మా బావగారే. పొలం చూసుకోవటానికి కాగితమంట, సత్తెనపల్లి రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం పెట్టాలంట. నర్సరావుపేటలో ఉన్న మా అన్నకు చెప్పొద్దన్నాడు."

"కాగితం చదివి వినిపించాడా?" అంది అత్తయ్య.

రత్తమ్మ లేదని తల ఊపింది.

పిడుగురాళ్లలో బండి ఆగగానే ఆ బావగారి ముఖం కిటికీలో కనబడింది. మజ్జిగ చెంబు అందించి, "తాగమ్మా, ఎండకు పడిపోతావు" అన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదు. అయినా నాకు నవలలో మజ్జిగే గుర్తొచ్చింది. బండి కదిలాక రత్తమ్మ చెంబు నోటిదాకా తెచ్చి ఆగింది. అత్తయ్య దాన్ని లాక్కుని కిటికీలోంచి ఒలకబోసింది. అతను మంచివాడే అయితే? కథ చదివి ఒక మనిషిని హంతకుణ్ణి చేశానా? సత్తెనపల్లి వచ్చేదాకా నాకు ఇదే ఆలోచన.

ప్లాట్‌ఫారం మీద అత్తయ్య రత్తమ్మ చెయ్యి వదల్లేదు. నలుగురికీ వినబడేటట్టు, "అయ్యా, మీ మరదలు మాతో వస్తది. వాళ్లన్నకు కాగితం చూపించుకొని రేపు సంతకం పెడతదిలే" అంది.

"నువ్వెవరు చెప్పటానికి? నడువే రత్తమ్మా!" అని అతను మీదికొచ్చాడు.

"నేను రాను బావగారూ" అంది రత్తమ్మ. చుట్టూ జనం చేరారు. అతను పళ్లు నూరుతూ వెనక్కి తగ్గాడు.

యుద్ధం రోజులు గదా, పెట్రోలు దొరక్క బస్సులన్నీ బొగ్గుతోనే నడుస్తున్నాయి. డ్రైవరు బస్సు వెనక బొగ్గు పొయ్యి రాజేస్తున్న ఆ అరగంటా అతను రోడ్డు అవతల నిలబడి మావైపే చూశాడు. "త్వరగా కానియ్యి నాయనా" అని నేను రెండుసార్లు అడిగాను. "నిప్పు రాజుకోవాల గదమ్మా" అన్నాడు డ్రైవరు. చివరికి బస్సు కదిలింది. మధ్యాహ్నానికి రత్తమ్మను వాళ్లన్న గుమ్మంలో దింపి, ఆ ఊళ్లోనే ఉన్న మా చుట్టాలింటికి చేరాం.

సాయంత్రం మొదటి ఆటకు వెళ్లాం. బెంచీ నాలుగణాలు. తలుపు తెర కదిలినప్పుడల్లా నేను వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. సినిమాలో ఆ బావ సంతకం చేయించబోయి, పశ్చాత్తాపపడి మరదలి కాళ్ల మీద పడ్డాడు. అందరూ కలిసి పాట పాడారు. "ఇదేందే, చంపనే లేదు!" అని అత్తయ్య మండిపడింది.

మర్నాడు రత్తమ్మ అన్న సత్తెనపల్లి వెళ్లి, దస్తావేజు రాసినవాడి దగ్గర ఆ కాగితం చూసి, తిరిగి వస్తూ మా దగ్గరికి వచ్చాడు. అది పొలం చూసుకునే కాగితం కాదు, మొత్తం నాలుగెకరాలూ అమ్మినట్టు రాసిన దస్తావేజు. మజ్జిగలో ఏమైనా ఉందో లేదో ఎవరికీ తెలియదు. అందులో ఏమీ లేదనే నేను అనుకోవాలనుకుంటాను. కాని సినిమా ఒక్కటే చూసి ఉంటే రత్తమ్మకు ధైర్యం చెప్పి, నవ్వి, ఆఫీసుకు పంపేదాన్నేమో. ఆ తలపు ఇప్పటికీ నన్ను వదలదు. ఈ దారిన సినిమాకు వెళ్లేవారికి నేను చెప్పేది ఒకటే: పొద్దున బండే ఎక్కండి, పుస్తకం చివరి పేజీ దాకా చదివాకే టికెట్టు కొనండి.