స్టీరింగు కోసం మానేసిన బువ్వ

అన్నం మానెయ్యమని డాక్టరమ్మ చెప్పినప్పుడు నాకు భయం వెయ్యలేదు, నవ్వొచ్చింది. ఇంతేనా అనుకున్నాను.

నేను బస్సు డ్రైవర్ని. గద్వాల నుంచి వనపర్తి మీదుగా నాగర్‌కర్నూలు పోయి రావడం ఇరవై రెండేళ్లుగా నా పని. యాభై దాటాక చేసిన మెడికల్ పరీక్షలో నా మూడు నెలల షుగరు పది దాటిందని తేలింది. డాక్టరమ్మ కాగితం పక్కన పెట్టి సూటిగానే చెప్పింది.

“నాలుగు నెలలు టైమిస్తున్న. అప్పటికి దిగకపోతే బండి నడపనీకి నేను సంతకం పెట్టను. ప్యాసింజర్ల పానాలతోని ఆట గాదిది.”

సంతకం పెట్టకపోతే స్టీరింగు పోతుంది. డిపోలో ఏదో ఒక మూల కుర్చీ వేస్తారు. జీతం వస్తుంది, నిజమే. కానీ ఇంకొకడు నా బస్సు బయటికి తీస్తుంటే గేటు పక్కన నిలబడి చూడ్డం నా వల్ల కాదు. ఆ బండి క్లచ్చు ఎక్కడ పట్టుకుంటుందో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

ఏం తినాలో, ఏం తినకూడదో ఆమె చాలాసేపు చెప్పింది. నేను మొదటి ముక్క విన్నాను: “బువ్వ బంజేయండి.” మిగతాది చెవికెక్కలేదు. సగం బోర్డు చదివి మలుపు తిప్పేసే అలవాటు నాకు బండి మీద లేదు గాని, మనుషుల దగ్గర బాగా ఉంది.

ఎందుకు నవ్వొచ్చిందంటే, మా ఊరు, వెంకటేశ్వరస్వామి గుడి ఉన్న మల్దకల్ పక్కనే. మా ఇంట్లో ప్రతి శనివారం ఆ స్వామికి ఒక్కపొద్దు. ఆ రోజు అన్నం ముట్టం, పొయ్యి మీద అన్నం గిన్నె కూడా ఎక్కదు. బొరుగులు నానబెట్టి తాలింపు వేసిన ఉగ్గాని తింటాం, లేదా ఉప్మా, లేదా అటుకులు. చిన్నప్పటి నుంచి చేస్తున్న పనే కదా! ఇకమీదట ప్రతిరోజూ శనివారం అనుకుంటే సరిపోతుంది.

ఇంటికి పోయి నా భార్యతో అదే చెప్పాను. ఆమె సీడ్ పత్తి చేన్లలో పనికి పోతుంది. పొద్దుగాలే లేచి, విత్తనం కోసం పూలకు చేత్తో పుప్పొడి అద్దే క్రాసింగ్ పని చేసి, ఇంటికొచ్చి మళ్లీ వంట చేసే మనిషి. ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

“రోజూ ఒక్కపొద్దుంటే దేవుడు గూడ సంతోషపడతడు. నువ్వు పరేషాన్ గాకు” అంది.

అలా మొదలైంది నా వ్రతం. పొద్దున గిన్నెడు ఉగ్గాని. మధ్యాహ్నం గోపాల్‌పేట దగ్గర బస్సు ఆగే హోటల్లో తిండి. అక్కడ బస్సు ఆపిన డ్రైవరుకూ కండక్టరుకూ హోటలాయన డబ్బు తీసుకోడు, అది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. నేను అన్నం మానేశానని తెలిసి ఆయన చాలా బాధపడ్డాడు. బాధపడి రెండింతలు పెట్టాడు. అన్నం బదులు నాలుగు పూరీలు, వాటి పక్కన రెండు మైసూరు బోండాలు. సాయంత్రం చాయిలోకి “షుగర్ ఫ్రీ” అని పెద్ద అక్షరాలతో రాసి ఉన్న బిస్కెట్ల ప్యాకెట్. ఆ అక్షరాలు చూసి ధైర్యంగా ప్యాకెట్ మొత్తం తినేవాణ్ని. డిపోలో అందరికీ గొప్పలు చెప్పుకున్నాను. “రెండు నెలలాయె బువ్వ ముట్టక! మనసు గట్టిగుండాలె గంతే.”

రెండు నెలలకు డాక్టరమ్మ మళ్లీ రమ్మంది. ఇస్త్రీ చేసిన యూనిఫాం వేసుకుని, మెచ్చుకుంటే ఏమనాలో దారి పొడవునా తయారు చేసుకుంటూ పోయాను. ఆమె రిపోర్టు చూసి నా ముఖం చూసింది. షుగరు దిగలేదు. ఇంకొంచెం ఎక్కింది.

“మెషిన్ల ఏమన్న తప్పున్నదేమో మేడం” అన్నాను కోపంగా.

“పొద్దుగాల ఏం తిన్నరు?”

“ఉగ్గాని.”

“పగటికి?”

“పూరీలు. లేకుంటె ఇడ్లీలు. రాత్రికి అటుకులు, రెండు అరటిపండ్లు. బువ్వ మాత్రం ఒక్క మెతుకు ముట్టలే మేడం. ఒట్టు.”

ఆమె పెన్ను కింద పెట్టింది. “ఉగ్గాని దేంతోని చేస్తరు?”

“బొరుగులతోని.”

“బొరుగులు దేంతోని చేస్తరు?”

గద్వాలలో బొరుగుల బట్టీ ముందు నుంచి ఎన్ని వేలసార్లు బస్సు తోలుంటాను! కాలిన ఇసుకలో బియ్యం పోసి తిప్పడం నా కళ్లతో చూశాను. అటుకులు వడ్లతో చేస్తారని మా ఇంట్లో పిల్లికి కూడా తెలుసు. అయినా అరవై రోజుల పాటు అదే బియ్యాన్ని ఉబ్బించుకుని, చదును చేయించుకుని, రుబ్బించుకుని తింటూ, నేను అన్నం మానేశానని ఊరంతా చెప్పుకున్నాను. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

డాక్టరమ్మ నవ్వింది, కానీ ఎగతాళిగా కాదు. ఆమెదీ ఈ దిక్కే. “మా అమ్మ గూడ గిట్లనే. మన దిక్కు ఒక్కపొద్దంటే బువ్వ తప్ప అన్నీ తినుడే గద. దేవుడు ఒప్పుకుంటడు, నెత్తురు ఒప్పుకోదు.”

ఈసారి మొత్తం విన్నాను. కాగితం మీద రాసుకున్నాను కూడా. బియ్యం, రవ్వ, మైదా ఏ వేషంలో వచ్చినా తగ్గించాలి. చేన్లో కాసిన కూర, పప్పు గింజ, కోడి పెట్టిన గుడ్డు తినొచ్చు, పండ్లు మాత్రం లెక్కగా. ప్యాకెట్లో వచ్చేది వద్దు. మాత్రలు ఎప్పుడు తగ్గించాలో ఆమే చెబుతుంది, నా సొంత తెలివి వాడకూడదు. చివర్లో నేనొక బేరం పెట్టాను.

“జొన్నరొట్టె షుగరుకు మందే గద మేడం? నాలుగు తింట.”

“మందైతే నాలుగు డోసులెందుకు? ఒకటి చాలు.”

ఇంటికి పోయేసరికి నా కోపం నా భార్య మీదికి తిరిగింది. అన్యాయమే, ఒప్పుకుంటాను. “ఉగ్గాని పెట్టి పెట్టి నా సీటుకే ఎసరు పెడితివి!” అని అరిచాను. ఆమె బొరుగుల సంచి తీసుకుపోయి పక్కింటివాళ్లకు ఇచ్చి వచ్చింది. వచ్చి నా ముందు కూర్చుంది.

“ఇగ రెండు నెలలున్నయి. ఏం తినాల్నో సరిగ చెప్పు. నేను వండుత.”

అప్పుడు మొదలైంది అసలు సంబరం. సంబరం అనే మాట కావాలనే వాడుతున్నాను. మా చుట్టూ ఇంత తిండి ఉందని నాకు యాభై ఏళ్ల దాకా తెలియదు! నా భార్య పుండికూరలో, అంటే గోంగూరలో, పల్లీలు దంచి వేసి గట్టిగా వండేది. బీరకాయను సన్నగా తరిగి, నీళ్లు పోయకుండా మగ్గించి, అన్నం ఉండాల్సిన చోట పోసి దాని మీద గట్టి పప్పు వేసేది. మొదటిరోజు చూసి ఏడుపొచ్చింది. మూడోరోజు ఇంకొంచెం వెయ్యమన్నాను. ఉడకబెట్టిన పల్లీలు, అనపకాయ గింజలు, గుడ్లు, ఆదివారం నాటుకోడి, దొరికిన రోజు జూరాల డ్యాం చేపలు. ఇన్నాళ్లూ అన్నం కొండంత, కూర నంచుకునేంత. ఇప్పుడు పళ్లెం తలకిందులైంది. పుండికూరకు ఒక రుచి, దానిలోని వెల్లుల్లికి ఇంకో రుచి ఉంటుందని అప్పుడే తెలిసింది.

అంతా సుఖంగా జరగలేదు. మొదటి వారం తలనొప్పి. చిన్నదానికీ పెద్దదానికీ మండిపడ్డాను. వనపర్తిలో అడ్డమొచ్చిన ఆటో అతన్ని తిట్టిన తిట్లకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. నా కండక్టరు చిన్న వయసు అమ్మాయి, నన్ను అన్నా అని పిలుస్తుంది, కానీ భయం భక్తి ఏమీ లేవు. ఆ రోజు నేను ఉండబట్టలేక మళ్లీ కొన్న బిస్కెట్ ప్యాకెట్ లాక్కుని వెనక ఉన్న సన్న అక్షరాలు గట్టిగా చదివింది.

“అన్నా, చక్కెర లేదంట గని, అన్నిటికన్న ముందు మైదానే ఉన్నది. ఇగ నూనె, పిండి, ఇంకేందో పేర్లు, నోరు తిరుగుతలేదు. గిది తినుడు కన్న మీ ఇంటామె పెట్టిన పల్లీలు తిను, నాకు గూడ జర పెట్టు.”

ఆ రోజు నుంచి నా పల్లీల డబ్బాలో సగం ఆమెకే పోయేది.

హోటలాయన్ను ఒప్పించడం ఇంకా కష్టమైంది. పూరీలు వద్దంటే ముఖం మాడ్చుకున్నాడు. “నా చెయ్యి బాగలేదా డ్రైవర్ సాబ్?” అన్నాడు. రిపోర్టు తీసి చూపించాను. అది చదివి లోపలికి పోయి, మూడు గుడ్ల ఆమ్లెట్లో పాలకూర వేసి తెచ్చాడు. అటు తర్వాత ప్రతిరోజూ ఏదో ఒకటి కొత్తగా. పక్క బల్ల దగ్గరి డ్రైవర్లు “ఏందన్నా, మేక లెక్క ఆకులు మేస్తున్నవ్?” అని నవ్వేవాళ్లు. నవ్వనీ అనుకున్నాను. ఎందుకంటే అప్పటికే నాకొక సంగతి తెలిసిపోయింది, అది వాళ్లకు చెప్పలేదు.

ఇక్కడ చెబుతాను. అన్నం తిని గోపాల్‌పేట దాటాక నాకు నిద్ర ముంచుకొచ్చేది. ఎన్నో ఏళ్లుగా. కిటికీ తెరిచి, చెంప మీద కొట్టుకుని, పచ్చిమిరపకాయ కొరికి నడిపేవాణ్ని. ఒకసారి ఒక్క క్షణం కళ్లు మూతపడ్డాయి. తెరిచేసరికి ముందున్న ట్రాక్టరు ట్రాలీ అద్దం నిండా ఉంది. బ్రేకు పడింది, ఎవరికీ ఏమీ కాలేదు, “ఏం డ్రైవరయ్యా!” అని నలుగురు తిట్టి ఊరుకున్నారు. వెనక అరవై మంది ఉన్నారు. ఆ సంగతి నా భార్యకు కూడా చెప్పలేదు. డాక్టరమ్మ నా సీటు తీసేస్తానంటే కోపగించుకున్నాను గాని, నిజానికి ఆమె అప్పుడే తీసేసినా తప్పు లేదు.

మూడో వారంలో ఒక మధ్యాహ్నం గోపాల్‌పేట దాటి చాలా దూరం వచ్చాక గుర్తొచ్చింది, నాకు నిద్ర రాలేదు! కళ్లు కడిగినట్టున్నాయి. రోడ్డు మీద ప్రతి గుంతా కనిపిస్తోంది. నాకు గట్టిగా అరవాలనిపించింది. అరిచాను కూడా, హారన్‌తో. కండక్టరు “ఏమైందన్నా?” అంటూ పరిగెత్తుకొచ్చింది. ఏమీ కాలేదనే సంతోషమని ఆమెకు ఎలా చెప్పాలో తెలియలేదు.

నాలుగో నెల చివర పరీక్షకు పోయాను. ఈసారి ఏమనాలో ఏమీ తయారు చేసుకోలేదు. డాక్టరమ్మ రిపోర్టు పైనుంచి కిందికి చదివి, మళ్లీ పైనుంచి చదివింది. షుగరు ఏడుకు వచ్చింది. కళ్లు చూసింది, బీపీ చూసింది, ఒక మాత్ర తగ్గించింది. “ఇట్లనే ఉండాలె. ఇప్పుడు దిగిందని మళ్ల మొదలువెట్టొద్దు” అని సంతకం పెట్టింది. ఆ కాగితం పట్టుకుని దవాఖాన మెట్ల మీదే కూర్చుండిపోయాను. ఇంటికి ఫోన్ చేశాను.

“ఉన్నది. సీటున్నది” అన్నాను.

ఆమె, “రేపు నేను చేనికి పోను” అని పెట్టేసింది.

మర్నాడు గద్వాల బస్టాండులో ఇంజన్ స్టార్ట్ చేసి అద్దంలో చూస్తే, ఆమె బస్సెక్కుతోంది. మంచి చీర కట్టుకుంది. నా పెళ్లాం నా బస్సు ఎక్కడం అదే మొదటిసారి. ఆడవాళ్లకు బస్సు టికెట్ ఉచితం చేశాక కూడా ఎక్కలేదు. నా డ్యూటీ టైముకు ఆమె ఎప్పుడూ చేన్లోనే ఉంటుంది. ముందు సీట్లో, నాగర్‌కర్నూలులో బస్సు మారి అమ్రాబాద్ పోయే ఒక ముసలమ్మ పక్కన కూర్చుంది. నేను బస్సు బయటికి తీశాను.

బస్సు ఊరు దాటాక ముసలమ్మ అడిగింది. “యాడికి పోతున్నవ్ బిడ్డా? సుట్టాలింటికా?”

“యాడికి లేదమ్మా. ఆ నడిపేటాయన మా ఇంటాయన. ఇరవై రెండేండ్ల నుంచి బస్సు నడుపుతుండు, నేను ఒక్కసారన్న సూడలే. సీటు పోతదన్నప్పటి సంది, సూడకుండనే పాయె గద అని లోపల్లోపల ఏడ్చిన. నాగర్‌కర్నూల్ దాంక పోయి, మళ్ల గిదే బస్సుల ఇంటికొస్త.”

నాకు ఎదురుగా రోడ్డు మసకబారింది. షుగరు వల్ల కాదు. కండువాతో కళ్లు తుడుచుకుని, గేరు మార్చాను. నా జీవితంలో అంత మెత్తగా ఎప్పుడూ బండి నడపలేదు.