నూకరత్నం టీచరు అలక పీట

వరండా గచ్చు మీద చెక్క పీట ఈడుస్తున్న చప్పుడు వినబడితే నేను ఎంత పనిలో ఉన్నా తలెత్తుతాను. మొన్నా అంతే. హెడ్మిస్ట్రెస్‌గా నా గదిలో కూర్చుని సంతకాలు పెడుతుంటే ఆ గరగర వినిపించింది. మా బడిలో, నా గది బయట ఉండే ఆ పీటను కుళాయి దాకా ఎత్తి పట్టుకెళ్ళే పిల్లలు లేరు. అలిగిన మనిషి మెల్లగా ఎత్తుకెళ్ళడమేమిటి, ఈడ్చుకుంటూ వెళ్ళాలి, నలుగురికీ తెలియాలి. ఆ చప్పుడు వినగానే నాకు నూకరత్నం టీచరు గుర్తొస్తుంది. వెనకే కడుపులో పాత మంట లేస్తుంది. ఆవిడ గురించి గొప్పగా చెప్పేవాళ్ళు అనకాపల్లి చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. నేను ఉన్నమాట రాస్తాను. నాకు ఆవిడంటే కుళ్ళు. ఇప్పటికీ.

నేను ఈ ఊరి బజారులో పెరిగినదాన్ని. మా నాన్నది ధాన్యం కొట్టు. పక్క కొట్టులో జనం ఎక్కువ కనిపించిన రోజు ఆయనకు అన్నం సయించేది కాదు. ఆ రక్తమే నాది. ఈ హైస్కూల్లో లెక్కల టీచరుగా నాకు మంచి పేరుండేది. నా క్లాసులో పిల్లలు కిక్కురుమనేవాళ్ళు కారు. అలాంటి చోటికి హిందీ టీచరుగా బదిలీ మీద వచ్చింది నూకరత్నం. ఎస్. రాయవరం వైపు పల్లె మనిషి, పొట్టిగా ఉండేది, గొంతు మాత్రం గేటు దాకా వినిపించేది. చేతిసంచిలో హిందీ వాచకం ఉన్నా లేకపోయినా వేయించిన వేరుశెనక్కాయలు మాత్రం ఉండేవి.

ఆరో తరగతిలో చేరే పిల్లల అవస్థ మాకు తెలియనిది కాదు. ఊళ్ళో చిన్నబడిలో ఒకే గదిలో, ఒకే టీచరు దగ్గర ముద్దుగా పెరిగి, ఒక్కసారిగా ఆటో ఎక్కి ఇక్కడికి వస్తారు. పీరియడుకో టీచరు, మెట్ల దగ్గర పెద్ద పిల్లల వెక్కిరింతలు. వానలు ముదిరేసరికి కొందరు కడుపునొప్పని, కొందరు చెరుకు తోటలో పనులని మానేసేవాళ్ళు. మేము నిట్టూర్చి ఊరుకునేవాళ్ళం. ఒకరోజు పొద్దున్నే నూకరత్నం ఆటోలోంచి పసుపు మరకలున్న పాత పీట ఒకటి దింపించింది.

"ఇదేమిటండీ?" అన్నాను.

"నా పెళ్ళి పీట టీచరుగారూ. మా ఆయన కూసున్నాది. ఆయనిప్పుడు కుర్చీలోంచి లెగడు గదా, ఊరికే అటక మీద పడుందనీసి తెచ్చేను."

ఆ పీటను వరండా చివర కుళాయి పక్కన వేయించి, ప్రార్థన అయ్యాక పిల్లలందరికీ చెప్పింది. "ఇది అలక పీట. కోపమొచ్చినా, ఏడుపొచ్చినా, ఊరికే మనసు బాగోకపోయినా ఇంటర్వెల్లో వచ్చి కూసోండి. ఎందుకని ఎవ్వులూ అడగరు. కానీ ఎవరైనా కూసుంటే వాలని ఒక్కలినే ఒదిలీకండి. ఇంకొకలెల్లి పక్కన కూసోవాల. మాటాడక్కర్నేదు."

స్టాఫ్ రూములో నవ్వులు మొదలుపెట్టింది నేనే. "కొత్త అల్లుడికి అలకపాన్పు చూశాం గానీ ఆరో తరగతి వాళ్ళకి కూడానా? రేపు స్కూటరు అడిగితే ఎవరు కొనిస్తారండీ?" అన్నాను. ఆవిడ అందరికంటే గట్టిగా నవ్వి, "అడగనీండి. ఇయ్యలేకపోతే నేదందాం. అడిగినారు గదా, అదే సాలు," అంది.

మొదట్లో ఎవరూ కూర్చోలేదు. తర్వాత ఉప్మాక వైపు నుంచి వచ్చే ఒక చిన్నపిల్ల వెళ్ళి కూర్చుంది. అందరినీ ఏడిపించే ఎనిమిదో తరగతి పెద్దపిల్ల ఒకతి అటూ ఇటూ చూసి, పోయి ఆ పిల్ల పక్కన కూలబడింది. కాసేపటికి ఆ చిన్నదాని ఊడిపోయిన రిబ్బను కట్టింది. అంతే, అది అంటుకుంది. పీట కోసం కాదు, పీట పక్కన కూర్చోవడం కోసం పోటీలు. ఆ ఏడు దసరా దాటినా ఆరో తరగతిలో ఎవరూ మానలేదు. నాకు సంతోషం కలగాలి కదా? కలగలేదు. పక్క కొట్టులో జనాన్ని చూసిన మా నాన్నలాగే ఆ పూట అన్నం కెలికి లేచాను.

ఊరుకున్నానా? నేనూ ఒక తాళం పెట్టె కొని, 'మీ సమస్యలు రాసి వేయండి' అని రంగు అక్షరాలతో అంటించి, లెక్కల గది బయట పెట్టాను. వారం తర్వాత తెరిస్తే చాక్లెట్ కాగితాలు, 'హోంవర్కు తగ్గించండి' అన్న చీటీ ఒకటి ఉన్నాయి. దాన్ని నూకరత్నానికి కనబడకుండా చింపేశాను.

ఆ రోజుల్లోనే నా కూతురు హారిక ఏడో తరగతి. అదే బడి. నాకున్నది ఒక్కతే పిల్ల. ఒక సాయంత్రం ఉన్నట్టుండి, "అమ్మా, నన్ను వైజాగ్‌లో హాస్టల్లో వెయ్యి," అంది. ఎందుకే అంటే చెప్పదు. బతిమాలాను, కోప్పడ్డాను, ఒట్టు వేయించుకున్నాను. రోజూ అదే మాట. చివరికి వాళ్ళ నాన్న కూడా, "అంత పట్టుబడుతోంది, వచ్చే ఏడు పంపేద్దాం," అనడం మొదలుపెట్టారు. నాకు నిద్ర పట్టేది కాదు. పిల్ల నా చేతిలోంచి జారిపోతోంది, ఎందుకో మాత్రం తెలియదు.

అప్పుడే ఒకరోజు సుద్దముక్క చేతిలో పట్టుకుని కిటికీలోంచి చూశాను. అలక పీట మీద హారిక కూర్చుని ఉంది. పక్కన కింద నూకరత్నం బాసింపట్టు వేసుకుని, పిల్ల వంక చూడనైనా చూడకుండా వేరుశెనక్కాయలు ఒలుస్తోంది. నా కూతురు మాట్లాడుతోంది. ఇంట్లో పెదవి విప్పని పిల్ల చేతులు తిప్పుతూ, ముక్కు తుడుచుకుంటూ చెబుతూనే ఉంది. కన్నది నేను, చెప్పుకునేది ఆవిడకా! నాకు ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి ఆ పీటను కుళాయి కింద గుంటలో పారెయ్యాలనిపించింది.

బడి వదిలాక స్టాఫ్ రూములో ఆవిడను పట్టుకున్నాను.

"నా కూతురు మీకేం చెప్పింది?"

"సెప్పను టీచరుగారూ."

"నేను తల్లినండీ!"

"తెలుసు. ప్రమాదమైందేటైనా అయితే మీకు సెప్పకుండా ఉంటానా? అలాంటిదేటీ కాదు. ఇయాల మీకు సెప్పేననుకోండి, రేపు ఆ పీట మీద ఎవ్వులూ కూసోరు. మీ పిల్లయితే అసలే కూసోదు." నా ముఖం చూసి జాలి వేసిందేమో, సంచిలోంచి ఇన్ని వేరుశెనక్కాయలు తీసి నా చేతిలో పోసింది. "ఇంటికెల్లి పక్కన కూసోండి. ఇవి ఒలవండి. ఏటయిందనీసి మాత్రం అడక్కండి."

ఆ మాట వినాలని నాకు లేదు. అయినా ఇంకో దారి తోచక అలాగే చేశాను. మొదటి రోజు నాలుగు కాయలు ఒలిచేలోపే "ఏమైందే?" అనేశాను. పిల్ల లేచి వెళ్ళిపోయింది. తర్వాత్తర్వాత నాలుక కొరుక్కుంటూ కూర్చోవడం వచ్చింది. ఒక సాయంత్రం హారిక తనంతట తానే నా ఒళ్ళోంచి గింజలు తీసుకు తినడం మొదలుపెట్టింది. ఏమీ చెప్పలేదు. హాస్టలు మాట కూడా మళ్ళీ ఎత్తలేదు. పిల్ల నాకు దక్కింది. దక్కించింది నేను కాదు, ఆవిడ. అది మింగుడుపడక ఆ ఏడంతా నూకరత్నంతో ముభావంగానే ఉన్నాను.

ఆవిడ రిటైరైన రోజు పిల్లలు ఏడ్చిన ఏడుపు చూసి, నా రిటైర్మెంటుకి ఇందులో సగమైనా ఏడుస్తారా అని లెక్క వేసుకున్నాను. శాలువాలు సర్దుకుంటూ నా దగ్గరకొచ్చి, "పీట మీ కాడుంచుతున్నాను," అంది.

"నాకెందుకండీ? అడక్కుండా ఉండటం నా వల్ల కాదని మీకు తెలుసు కదా."

"అందుకే మీకిత్తన్నాను. అడగబుద్దేసినా నోరు మూసుకున్నోలని పిల్లలు ఇట్టే కనిపెట్టేత్తారు."

పోయిన ఏడు ఆవిడ కన్నుమూసింది. హారిక ఇప్పుడు నర్సీపట్నంలో బ్యాంకు ఉద్యోగి. కబురు తెలిసి సెలవు పెట్టుకుని వచ్చింది. ఆవిడ పదో రోజుకు వెళ్ళి వచ్చాక ఇద్దరం ఇంట్లో వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాం. నేనేమీ అడగలేదు. తనే చెప్పింది. "ఆ ఏడు నాతో ఎవరూ అన్నం తినేవాళ్ళు కాదమ్మా. నేను దగ్గరికెళితే మాటలు ఆపేసేవాళ్ళు. మీ అమ్మకి చెప్పేస్తావు అనేవాళ్ళు. నిన్ను ఏవేవో పేర్లు పెట్టి పిలిచేవాళ్ళు. అవన్నీ నీకెలా చెప్పను?"

"మరి టీచరు ఏం చేసింది?"

"ఏమీ చెయ్యలేదు. కేరేజీ పట్టుకొచ్చి పీట దగ్గరే తినమంది. తనూ వచ్చి తినేది. తర్వాత ఒక్కొక్కళ్ళే వచ్చి చేరారు."

లెక్కల టీచరు కడుపున పుట్టడమే దాని నేరమన్నమాట. ఆ పిల్లల మీద కోపం కాసేపటికే చల్లారింది. చల్లారనిది వేరే ఉంది. పిల్లల నోట నా పేరు ఎలా నలిగేదో తెలిసీ, అన్నేళ్ళూ నా ఎదుట కూర్చుని, నేను తెచ్చిన పులిహోర తింటూ, ఆవిడ ఒక్క చూపులోనైనా బయటపడలేదు. నేనైతే ఆ సాయంత్రమే ముఖం మీద అనేసి ఉండేదాన్ని. ఆవిడ దగ్గరున్న వాటిలో దీనికే నేను అన్నిటికంటే ఎక్కువ కుళ్ళుకుంటాను.

మొన్న పీట ఈడ్చుకెళ్ళింది ఆరో తరగతి పిల్ల. మా మధ్యాహ్న భోజనం వండే గౌరి కూతురు. నేను సంతకాలు ఆపి, సొరుగులోంచి వేరుశెనక్కాయల పొట్లం తీసుకుని, మోకాళ్ళు పట్టుకుని ఆ పిల్ల పక్కన నేల మీద కూర్చున్నాను. ఏమైందన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. కాయ ఒలిచాను. చాలాసేపటికి పిల్ల చెప్పడం మొదలుపెట్టింది.

బెల్లు కొట్టాక చూస్తే వంటపాక గుమ్మంలో గరిటె పట్టుకుని గౌరి నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి చూస్తోందో! వచ్చి ఎదురుగా నిలబడింది. "ఏటన్నాదమ్మా మా పిల్ల? ఇంట్లో నాకేటీ సెప్పట్నేదు. మీకేటి సెప్పింది?"

"సెప్పను," అన్నాను. నా నోట నూకరత్నం మాటే వచ్చింది.

గౌరి ముఖం మాడిపోయింది. నన్ను ఎగాదిగా చూసింది. ఆ చూపు నాకు కొత్త కాదు, అలా నేనూ ఒకరిని ఏళ్ళ తరబడి చూశాను. పొట్లంలో మిగిలిన వేరుశెనక్కాయలు ఆమె కొంగులో పోసి, సాయంత్రం ఇంట్లో ఏం చెయ్యాలో చెప్పాను.