చెవులు కుట్టే ముందు

ఆడవాళ్ళకు మధ్యాహ్నం పూట చదువు చెప్తారని ఊళ్ళో దండోరా వేసిన రోజు మా అత్త ఎంత నవ్విందంటే, చేటలోని రాగులు సగం నేలపాలయ్యాయి. కన్నడలో ఆ చదువుకు వయస్కర శిక్షణ, అంటే పెద్దవాళ్ళ చదువు, అని గంభీరమైన పేరుండేది. మా ఊరివాళ్ళు మాత్రం ముసిలోళ్ళ ఇస్కూలు అన్నారు. నేనప్పటికి చంకలో బిడ్డనెత్తుకున్న పడుచుదాన్ని. ఆ ఇస్కూల్లో పేరు రాయించుకున్నానో లేదో, ఊరికంతా ముసలిదాన్నైపోయాను.

మాది కన్నడ సీమలో, బాగేపల్లి నుంచి పాతపాళ్య పోయే దారిలో, రోడ్డు దిగి చేలకడ్డంపడి నడిస్తే వచ్చే ఊరు. నేను ఆ ఊరికి కోడలుగా వచ్చినదాన్నే. అమ్మ చిన్నప్పుడే పోతే, చిక్కబళ్ళాపురంలో పెద్దమ్మ ఇంట్లో పెరిగాను. అక్కడ కొంతకాలం బడికి పోయి, మానిపించేస్తే మానేశాను. ఆ మానేసిన కడుపుమంట నాకెప్పుడూ ఆరలేదు. అందుకే దండోరా వినగానే మా ఆయన్ను పట్టుకున్నాను. ఆయన 'అమ్మనడుగు' అన్నాడు. అత్త 'ఎనుములకు కుడితి పెట్టి యాడికైనా పో' అంది. అది అనుమతి కిందికే తీసుకున్నాను.

పాఠాలు చెప్పే టీచరమ్మ చింతామణి నుంచి బస్సులో వచ్చేది. బజారులో అంగడి ఉన్నవాళ్ళ కూతురు. తెల్లచీర, చేతికి గడియారం, మాట మాత్రం మనలాగే. అక్షరాలన్నీ నేర్పించాక, ఇంక చరిత్ర చెప్పుకుందాం అంది. మేమంతా రాజులూ యుద్ధాలూ అనుకుని మొహాలు వేలాడేశాము. 'రాజుల సంగతి మనకేలమ్మా, మీ అవ్వలు ఏం తినిండారు, ఏం కట్టుకునిండారు, పండగలెట్ల చేసిండారు, అదీ చరిత్రే' అంది ఆమె. ఇంకేం, నోళ్ళకు తాళం తీసినట్టే అయింది. ఒకామె తన అవ్వ జన్మలో రవిక తొడగలేదని చెప్పింది. ఇంకొకామె ఉప్పు కోసం వాళ్ళ తాత ఎద్దులు తోలుకుని ఎంత దూరం పోయేవాడో చెప్పింది. ఆ మధ్యాహ్నాల్లో మేము నవ్విన నవ్వులకు బడి పెంకుల మీది కాకులు లేచిపోయేవి. నా బతుకులో అంత సంతోషంగా నేనెక్కడా కూర్చోలేదు.

అప్పుడే నా బిడ్డకు చెవులు కుట్టే పండగ కుదిరింది. నేను ఊరుకుంటానా, క్లాసులో అందరికీ చెప్పుకున్నాను. పట్టుచీర సంగతి చెప్పాను, వేళ్ళకు చుట్టే బంగారు తీగ సంగతీ చెప్పాను. మా కులంలో బిడ్డకు చెవులు కుట్టే ముందు తల్లిని పీట ముందర కూర్చోబెడతారు. కుడిచేతి చివరి రెండు వేళ్ళకు సన్నటి బంగారు తీగ చుట్టి, దాని మీద మల్లెపూలు కడతారు. తల్లి ఆ చెయ్యి పీట మీద పెడితే, చెవులు కుట్టే ఆచారి ఉలి తెచ్చి ఆ వేళ్ళకు ఆనించి తీసేస్తాడు. తర్వాత తీగ ఊడదీసి దేవుడి ముందర పెడతారు. చిన్నప్పటి నుంచీ చుట్టాల ఇళ్ళల్లో ఎన్నిసార్లు చూశానో. పండగంతా బిడ్డదైతే ఎట్లా, తల్లికీ కాస్త ముచ్చట ఉండద్దా అని పెట్టారనుకున్నాను. ఉలి ఎందుకంటే, పనిముట్లకు పూజ చేస్తాము కదా, అట్లాంటిదేదో అనుకున్నాను. నా చేతికి ఆ పూలెప్పుడు కడతారా అని ఎదురుచూశాను కూడా.

'చెవులు కుట్టేదంటే గుర్తొచ్చింది' అని టీచరమ్మ సంచిలోంచి లావుపాటి కన్నడ పుస్తకమొకటి తీసింది. ఒక పేజీ చదివి తెలుగులో చెప్పింది. ఒకప్పుడు ఈ సీమలో కొందరు రైతుల ఇళ్ళల్లో, పెద్దబిడ్డకు చెవులు కుట్టే ముందు తల్లి కుడిచేతి చివరి రెండు వేళ్ళ కొనలు నరికేవాళ్ళట. పీట మీద చెయ్యి పెట్టించి, ఉలి ఆనించి, ఒక్క దెబ్బ. దేవుడికి ఇచ్చుకోవడమట. ఎప్పుడో సర్కారు వద్దని హుకుం చేసిందట.

'అయ్యో, ఎవరమ్మా ఆ పిచ్చిముండలు?' అన్నాను నేను గట్టిగా. నవ్వాను కూడా.

ఎవరూ నవ్వలేదు. టీచరమ్మకు మా కులాల సంగతి తెలియదు, తలెత్తి ఎందుకీ నిశ్శబ్దమన్నట్టు చూసింది. నా పక్కన కూర్చున్న ఎదురింటి వదిన మెల్లగా నా కుడిచెయ్యి పట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది.

'ఏమే, నీకు తెలీదా? ఆ వేళ్ళకు బదులే గదా ఇప్పుడీ తీగ చుట్టేది. మీ ఇంట్లో ముసిలవ్వ చెయ్యి చూడ్లేదా నువ్వు?' అంది.

చూడకేం, రోజూ చూస్తాను. ఆమె మా అత్తకు అత్త. కుడిచేతికి చిటికెన వేలూ దాని పక్క వేలూ సగానికే ఉండేవి. చెరకు గానుగలో పడి నలిగిపోయాయని నేను కాపరానికి వచ్చిన రోజే చెప్పారు. ఆ మొండివేళ్ళతోనే నా బిడ్డకు నూనె రాసి నీళ్ళు పోసేది. నేను నమ్మాను. గానుగ కాడికి పోయినప్పుడంతా కొంగు బిగించుకుని దూరంగా నిలబడేదాన్ని.

పలక అక్కడే వదిలేసి లేచాను. టీచరమ్మ వెనక నుంచి పిలుస్తానే ఉంది. దారిలో నా కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని నడిచాను, ఎవరో లాక్కుంటారన్నట్టు.

అవ్వ పంచలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తా ఉండింది. పళ్ళు లేకపోయినా నోరు మాత్రం ఊరంతటికీ చాలేది. నేను ఎదురుగా కూలబడ్డాను.

'అవ్వా, నీ వేళ్ళు గానుగలో పోలేదంట గదా?'

కాయలు ఒలిచే చెయ్యి ఆగలేదు. 'ఎవరు చెప్పినారు?'

'ఇస్కూల్లో చెప్పినారు.'

'నా వేళ్ళ సంగతి ఇస్కూల్లో చెప్తాండారా!' అని నోరంతా తెరిచి నవ్వింది. 'గానుగా లేదు, గీనుగా లేదు. అప్పటికే సర్కారోళ్ళు కూడదన్నారు. మా మామ, మీ ముత్తాత, ఒప్పుకోలేదు. తలుపేసుకుని చేసినారు. సర్కారు అమలుదార్లు విచారించేదానికి వస్తే గానుగని చెప్పమనిరి, చెప్తిమి. చెప్పీ చెప్పీ ఇంట్లోవాళ్ళకూ గానుగే అయిపాయ.'

ఎందుకిచ్చావని అడిగాను. చిన్నపిల్లలకు చెప్పినట్టు కథ చెప్పింది. ఒక రాక్షసుడు దేవుణ్ణి తరుముకుని వచ్చాడట. దేవుడు ఆముదపు చేలో దాక్కున్నాడట. దున్నుతున్న రైతును రాక్షసుడు గద్దిస్తే, రైతు నోటితో తెలియదన్నాడు గానీ, చిటికెన వేలితో దేవుడున్న చోటు చూపించాడట. గండం గడిచాక దేవుడు కోపంతో వచ్చి ఆ వేలు నరుకుతానన్నాడు. అప్పుడే సంగటి తెచ్చిన పెళ్ళాం కాళ్ళమీద పడి, 'ఈయన వేలు పోతే నాగలి మేడి ఎవరు పడతారు స్వామీ, బదులుగా నావి రెండు తీసుకో' అందట. దేవుడు సంతోషించి, మీ వంశంలో ఆడవాళ్ళంతా ఇట్లాగే ఇవ్వండి అన్నాడట.

'చూపించింది ఆయప్ప, పోగొట్టుకున్నది ఆయమ్మా!' అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

'మొగోళ్ళు పని చేసుకోవల్ల గదమ్మే.'

'నీకు పనిలేదా? పాలు పిండలేదా, నాట్లు వెయ్యలేదా నువ్వు?'

'దానికీ మూడు వేళ్ళు చాలును' అంది. ఆ మాటలో గర్వం ఉంది. అదే నన్ను వేళ్ళు పోవడంకంటే ఎక్కువ భయపెట్టింది. నొప్పి కాలేదా అని అడిగాను. 'ఏం నొప్పి? చీమ కుట్టినట్లుండె. ఉడుకుడుకు నూనెలో ముంచిరి, అయిపాయ. ఆ పొద్దే లేచి అందరికీ వడ్డించినా. ఇప్పటి ఆడోళ్ళు పూలు కట్టుకునేదానికే మూలగతారు' అంది.

ఆ మూడు వేళ్ళు నా బిడ్డ ఒంటికి నూనె రాసేవి. ఆ రాత్రి అన్నం సహించలేదు. తీగ చుట్టించుకోనని మా ఆయనకు చెప్పేశాను.

'వట్టి తీగే గదా' అన్నాడాయన.

'వట్టి తీగైతే నువ్వు చుట్టించుకో. వేలు చూపించింది మీరు గదా.'

ఆయన తన చేతులు చూసుకుని బయటికి పోయాడు. పొద్దున్నే అత్త చెవిన పడింది. ఆమె కేకలు వెయ్యలేదు. వేసినా బాగుండేది. 'నువ్వు చెయ్యి పెట్టకుంటే ఆచారి చెవి ముట్టడు. బోడి చెవులతో పెరగనీ నీ కూతురు. రేపు మనోళ్ళల్లో ఎవరు చేసుకుంటారో ఆ టీచరమ్మనే అడుగు' అంది.

ఆ మాటే నన్ను పట్టుకుంది. నాకేం, నేను మొండిదాన్ని, పడతాను. పుట్టి ఏడాది నిండని పిల్ల నా మొండితనానికి బోడి చెవులతో పెరగాలా? అట్లాగని ఆ పీట మీద చెయ్యి పెడితే, అవ్వకు జరిగింది సరేనని నేను కూడా ఒప్పుకున్నట్టే కదా. ఎటు తిరిగినా నాకు దారి కనపడలేదు. క్లాసుకు పోవడం మానేశాను. చెప్పకపోయినా బాగుండేదని టీచరమ్మను మనసులో తిట్టుకున్నాను. మళ్ళీ, ఇంట్లో ఇంతమంది ఆడవాళ్ళుండీ నాకొక్కరూ చెప్పలేదే అని వీళ్ళను తిట్టుకున్నాను.

పండగ రోజు వచ్చింది. చుట్టాలు చింతామణి నుంచీ మురుగమల్ల వైపు నుంచీ బండ్లు కట్టుకుని వచ్చారు. నేను పట్టుచీర కట్టుకుని, బిడ్డ కోసం, పీట ముందర కూర్చున్నాను. అత్త నా వేళ్ళకు తీగ చుట్టింది, పూలు కట్టింది. ఆచారి ఉలి కడిగి పసుపు బొట్టు పెట్టాడు.

'చెయ్యి పెట్టమ్మా' అన్నాడు.

పెట్టాలనే అనుకున్నాను. నా చెయ్యి ఒళ్ళోంచి లేవలేదు. ఆచారి మళ్ళీ అడిగాడు. అత్త అడిగింది. చుట్టాల్లో గుసగుసలు మొదలైనాయి.

'నాతో కాదు' అన్నాను.

'అట్లయితే పిల్లను లోపలికి తీసకపోండి' అంది అత్త.

అప్పుడు ముసిలవ్వ లేచింది. నన్ను కొడుతుందేమో అనుకున్నాను. 'ఇంత చదువుకు ఇంత భయమా? పాడు భయం! ఏముండాది ఆడ? చూడు, ఏముండాదో చూడు!' అని అరుస్తా వచ్చి, నా పక్కన చతికిలబడింది. కుడిచెయ్యి చాపి, ఆ మొండివేళ్ళు రెండూ పీట మీద పెట్టింది. 'ఆనించు ఆచారీ, ఈ పిరికిదానికి చూపించు' అంది.

ఆచారికి ఏం చెయ్యాలో తోచలేదు. పెద్దామె మాట తీసెయ్యలేక, వంగి, ఉలి తెచ్చి ఆ వేళ్ళకు మెల్లగా ఆనించాడు.

'అమ్మా!' అని అవ్వ వేసిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. చెయ్యి లాక్కుని రొమ్ముకు అదుముకుంది. ఇంకో చేత్తో దాన్ని కప్పుకుని, గోడ దాకా జరిగి, ముడుచుకుపోయింది. అంత గయ్యాళి మనిషి, 'వద్దమ్మా, వద్దమ్మా' అని ఎప్పుడో చచ్చిపోయిన వాళ్ళమ్మను బతిమాలుతా ఉండింది. కళ్ళు మమ్మల్ని చూడడం లేదు. ఉలికి రక్తం ఏమైనా అయిందా అని ఆచారి తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఏమీ లేదు, పసుపే ఉంది.

మా ఆయన గుంజ పట్టుకుని నిలబడిపోయాడు. ఆ ఇంట్లో అన్నేళ్ళు ఆమెతో కలిసి బతికిన మా అత్త, అత్తగారి ఏడుపు అంతకుముందెన్నడూ చూడలేదనుకుంటాను. తెల్లబోయి చూసింది. తర్వాత వచ్చి నా ముందర కూర్చుని, నా వేళ్ళకు తాను చుట్టిన తీగను తానే విప్పింది. పూలు తెగి ఒళ్ళో పడ్డాయి.

'ఆ ఉలి లోపల పెట్టప్పా. ఇంక మా ఇంట్లో తియ్యద్దు. చెవులు కుట్టు, బిడ్డ ఏడుస్తాండాది' అంది.

బిడ్డ ఏడవడం లేదు. ఏడుస్తున్నది అవ్వ.