వదినె తెచ్చిన చేపల గుంపు

“ఉన్న ఒక్కటే బతుకుతలేదు, ఇంకా గిన్ని పట్టుకొస్తివా? బుద్ధి ఉన్నదా వదినె?”

“ఒక్కతే ఉన్నదనే బతుకుతలేదే! జర జరుగు, చెయ్యి గుంజుతున్నది.”

“జత సాలనుకున్న.”

“జతతోని ఏం జేస్తవ్, నాగలి కడ్తవా?”

గాజుతొట్టిలో మోటారు బుడగల చప్పుడు చెవిన పడితే చాలు, ఈ తగవు మళ్ళీ వినిపిస్తుంది. వదినె అంటే మా ఆయన అక్క బాలమణి. ఇప్పుడు లేదు. భర్త పోయాక మామిడిపల్లిలో ఒంటరిగా ఉండలేక శంషాబాద్‌లో మా ఇంటికి వచ్చింది. అప్పుడే మేడమీది కిరాయివాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తూ ఆ తొట్టిని వదిలిపోయారు. వస్తువు ఉత్తగా పడి ఉంటే నాకు నిద్ర పట్టదు. చింతపండు దాచుదామన్నాను. వదినె నవ్విన నవ్వుకు ఆ మాట మానుకుని, ఆరాంఘర్ దగ్గర దుకాణంలో నియాన్ టెట్రా చేపలు రెండు కొన్నాను. చిటికెన వేలిలో సగం ఉండవు. ఒంటిమీద నీలం గీత, దాని కింద ఎరుపు. “ఇవి గుంపులనే ఉంటయమ్మా” అన్నాడు దుకాణం అతను. అమ్ముకునేవాడు అట్లాగే అంటాడని రెండే తెచ్చాను. కొద్దిరోజులకే ఒకటి చచ్చిపోయింది. రెండోది మోటారు వెనక దూరి, రంగు వెలిసి, మేత ముట్టడం మానేసింది. పైకి విసుక్కున్నాను గానీ, నా ఇంట్లో ఒక ప్రాణం ఆకలితో పోతుందేమోనని లోపల గుబులే.

వదినె ఒకప్పుడు నాట్లేసే ఆడవాళ్ళ ముఠాకు పెద్ద. నేను కొత్త కోడలిగా ఉన్నప్పుడు, మిగిలిన మడి మూల ఒక్కదాన్నే నాటేద్దామని దిగితే, గట్టుమీంచి కేకేసింది. “బయటికి రా పిల్లా! ఒక్కదానివే వంగితే నడుము నొప్పి యాదికొస్తది. పక్కన పదిమంది ఉంటే పాట యాదికొస్తది.” ముఠా అంతా వచ్చాకే మళ్ళీ బురదలో కాలు పెట్టనిచ్చింది.

ఆ వదినె, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి పోయి, చేపల కవరు ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. దాని మూతి విప్పకుండానే తొట్టి నీళ్ళమీద తేలేటట్టు పెట్టింది.

“గీ నీళ్ళ సల్లదనం అలవాటు కానియ్యి. అత్తగారింటికొచ్చిన పిల్లలు.”

“అత్తను నేనేనా?”

“ఇంకెవరు? మొఖం జర నవ్వుకుంట పెట్టు, బెదురుతయి.”

“గివి గూడ సస్తే?”

“సావయి. సస్తే నీ చింతపండే పెట్టుకో!”

పైసల దగ్గర నేను గట్టిదాన్నే. గదిలో ఎవరూ లేకుండా లైటు వెలిగితే ఇప్పటికీ కేకలేస్తాను. కానీ ఏ పెళ్ళిలోనైనా ఎవరైనా ఒంటరిగా తింటూ కనబడితే, ముక్కూ మొహం తెలియకపోయినా నా విస్తరి పట్టుకుపోయి పక్కన కూర్చుంటాను. అది వదినె పెట్టిన అలవాటు.

మర్నాడు పొద్దున మేత చల్లాను. మోటారు వెనక ఏదీ లేదు. గుంపంతా ఒక్కసారిగా మళ్ళి, పైకి వచ్చి తిన్నది. అందులో నా చేప ఏదో పోల్చుకోలేకపోయాను. వదినె కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చూసింది, ఆమెకూ తెలియలేదు. ఇద్దరం కుర్చీలు లాక్కుని, అక్కడే చాయ్ తాగాం.