పది పోగుల కార్జం

ఈ రోజు ఉదయం ఆదోనిలో పిల్లల డాక్టరమ్మ మా పాప కింది కనురెప్పను వేలితో కొంచెం కిందికి లాగి చూసి, రక్తపరీక్ష కాగితంలో ఒక అంకె చుట్టూ గీత గీసి, మందు రాసిచ్చి, వారానికొకసారి కార్జం, అదే లివరు, పెట్టమని చెప్పింది. ఆ మాట వినగానే, ముప్పై ఏళ్లు దాటిన దాన్ని, నేనే ముఖం చిట్లించాను. అయినా దారిలో పావుకిలో కొనుక్కొచ్చి, మిరియాలు వేసి వేయించి, వాసన పడక నా చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని పాపకు తినిపించబోయాను. అది ఒక్క ముక్క నోట్లో వేసుకుని, నా ముఖంలోకి చూసి, నా అరచేతిలోనే ఉమ్మేసింది. దాన్ని కోప్పడే అర్హత నాకు లేదు. పాపకు రక్తం తక్కువగా ఉందన్న సంగతి మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఎమ్మిగనూరులో ఉండే అత్తమ్మకు కూడా చెప్పలేదు. ఇంత చదువుకుని బిడ్డకు సరిగ్గా తిండి పెట్టుకోవడం రాదా అంటారేమోనని భయం.

నాకు పదేళ్లప్పుడు, ఆస్పరి దగ్గర మా పల్లె బడిలో, ప్రార్థన మధ్యలో కళ్లు తిరిగి పడిపోయాను. నర్సమ్మ వచ్చి నా కనురెప్పలు కూడా ఇలాగే లాగి చూసి, ఒంట్లో రక్తం లేదని, కార్జం పెట్టమని చెప్పింది. అమ్మా నాన్నా పొద్దున్నే పత్తిచేలకు వెళ్లేవాళ్లు కాబట్టి నన్ను చూసుకునేది మా జేజి, అంటే మా నాన్నవాళ్లమ్మ. ఆమె కడుపులో ఏ మాటా దాగదు. సాయంత్రానికి బోరింగు దగ్గర నీళ్లు పట్టుకునే వాళ్లందరికీ నా రక్తం సంగతి తెలిసిపోయి, నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

నా వయసు వాళ్లలో పల్లెల్లో పెరిగిన వాళ్లకు పోగుల మాంసం గుర్తుండే ఉంటుంది. ఊళ్లో మాంసం కొట్టు లేదు. మా వీధిలో పది ఇళ్లవాళ్లు కలిసి, పదిహేను రోజులకొక ఆదివారం ఒక పొట్టేలును కోసుకునేవాళ్లు. పట్టా పరిచి, కండ, ఎముక, పేగు, తలకాయ ముక్క, ఏదీ ఒకచోట ఎక్కువా ఇంకోచోట తక్కువా కాకుండా పది పోగులు పెట్టేవాళ్లు. కార్జాన్ని కూడా పది ముక్కలు కోసి, ఒక్కో పోగు నెత్తిన ఒక్కో ముక్క, బొట్టు పెట్టినట్టు పెట్టేవాళ్లు. తర్వాత ఒకాయన పోగులకు వీపు తిప్పి నిలబడితే, ఇంకొకాయన ఒక పోగు మీద చెయ్యి చూపించి ఇదెవరికని అడిగేవాడు. చూడకుండా ఆయన ఏ ఇల్లు చెబితే పోగు ఆ ఇంటికే, ఇక మాటల్లేవు.

ఆ ఆదివారం జేజి నన్ను రెక్క పట్టుకుని అక్కడికి లాక్కుపోయి, కోత కోసే మామతో, "అప్పా, ఈ పిల్లకి ఒంట్లో రక్తమే లేదంట" అని మొదలుపెట్టేసరికే, ఆయన కత్తి పక్కన పెట్టి నవ్వాడు.

"తీస్కపో అత్తా. బొటనవేలంత ముక్క తిని మేమేం పైల్వాన్లమయితామా?"

పది పోగుల నెత్తిన ఉన్న పది ముక్కలూ మా గిన్నెలోకి వచ్చాయి. ఆ తర్వాత ఏ పోగుల రోజునా జేజి అడగాల్సిన పనే లేకపోయింది.

జేజి వాటికి ఉప్పూ పసుపూ రాసి నిప్పుల మీద కాల్చి పెట్టేది. నాకేమో ఆ పిండి పిండి మెత్తదనం, తుప్పు పట్టిన బోరింగు పట్టుకున్న చేతికి అంటుకునేలాంటి ఆ వాసన, ప్రాణం మీదికొచ్చేవి. జేజి అటు తిరగగానే ముక్కలు గౌను జేబులోకి పోయేవి. అక్కడి నుంచి గోడ వెనక ఒక ఎర్రకుక్క నోట్లోకి. రెండు నెలలకు కుక్క నిగనిగలాడింది కానీ నా కనురెప్పలు తెల్లగానే ఉన్నాయి. నర్సమ్మ పెదవి విరిచిన రోజు జేజి కన్నీళ్లు పెట్టుకుని ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుంది. ఆ తర్వాత కూడా ముక్కలు గౌను జేబులోకే పోయాయి.

నేను కుక్కకు వేయడం చూసింది పక్కింటి పెద్దవ్వ. జేజి కంటే పెద్దది, నోట్లో ఒక్క పన్ను లేదు.

"ఏం పాపా, కుక్కకి కూడా రక్తం లేదనిందా నర్సమ్మ?"

"జేజికి సెప్పొద్దు అవ్వా" అని ఏడుపు మొదలుపెట్టాను.

"సెప్పనులే, ఈడ కూర్చో" అని నన్ను అరుగు మీదికి లాగి, నోరు తెరిచి ఖాళీ చిగుళ్లు చూపించింది. "సూడు. పోగంతా తెచ్చినా నాకి నమలనీకి వచ్చేది ఆ ముక్కొకటే. కండా ఎముకా మా కోడలు పిల్లోల్లకే. నువ్వు తింటావని ఇచ్చినా. తినకుంటే సెప్పు, నేనన్నా తింటా. ఆ కుక్కకేం, పండ్లున్నాయి, ఎముక కొరుక్కుంటాది."

కోప్పడి ఉంటే మర్చిపోయేదాన్ని. ఆమె నవ్వుతూ చెప్పింది.

మరుసటి పోగుల రోజున గిన్నె పట్టుకుని ఆమె అరుగు మీదికే వెళ్లాను. ఒక ముక్క ఆమె చేతిలో పెట్టాను. వద్దు వద్దంటూనే తీసుకుని, కళ్లు మూసుకుని, చిగుళ్లతో ఎంతసేపు నమిలిందో! ఆ ముఖాన్ని చూస్తూ మిగిలిన తొమ్మిదీ జొన్నరొట్టెలో మడుచుకుని, ముక్కు బిగబట్టి మింగాను. అప్పటి నుంచీ అదే పద్ధతి. కార్జం మీద ప్రేమ మాత్రం ఎన్నడూ పుట్టలేదు. చలికాలం వచ్చేసరికి నర్సమ్మ నా కనురెప్పలు చూసి, రక్తం పట్టింది, ఇక చాలంది. జేజి పోగుల దగ్గరకు పోయి, ఎవరి ముక్క వాళ్లే తీసుకోండని చెప్పింది. ఆ రోజు కోత కోసే మామ, ఎవరూ చెప్పకుండానే, కార్జాన్ని పదకొండు ముక్కలు కోసి, ఏ పోగు ఎవరిదో తేలాక పెద్దవ్వ ఇంటి పోగు మీద రెండో ముక్క పెట్టాడు. తగవు పెట్టుకోవడానికి నోరున్న వాళ్లు ఆ పది ఇళ్లలో చాలామందే ఉన్నారు. ఎవరూ పెట్టుకోలేదు.

ఇప్పుడు నా బిడ్డకు కార్జం కావాలంటే ఎవరి పోగులో ముక్కా తగ్గనక్కర్లేదు. కొట్టువాడు అడిగినంత కోసి నల్ల కవరులో వేసి ఇస్తాడు, ఎవరికని అడగడు. మేడ మీద వాళ్లకు తెలియదు, కింద వాళ్లకు తెలియదు. తెలియకుండా చూసుకున్నది కూడా నేనే.

సాయంత్రం ఎమ్మిగనూరుకు ఫోన్ చేసి, మాట తడబడుతుండగానే అత్తమ్మకు రక్తం సంగతీ, పాప కార్జం ఉమ్మేసిన సంగతీ చెప్పేశాను.

"ఇది దాసిపెట్టుకునే సంగతేనా తల్లీ?" అంది. "నీ మొగుడూ చిన్నప్పుడు ఇట్లే ఊంచుతాండె. పొద్దున మొదటి బస్సుకే వస్తాండా, దాని నోట్లోకి ఎట్ల పోదో సూస్తా."

పాప ఇంకా ఒక్క ముక్కా మింగలేదు. పదేళ్లప్పుడు నా ఒంట్లో రక్తం సంగతి పది ఇళ్లకు తెలిసిందని సిగ్గుతో చచ్చిపోయాను. నా బిడ్డ సంగతి తెలిసిన వాళ్లం ఈ రాత్రికి ముగ్గురమయ్యాం.